వాక్యం చేతిలో ఉండగా నవలలెందుకని అడిగారు, జవాబు చెప్పలేకపోయాను

నరసాపురం_మాస్టారు
మా సంఘంలో యౌవనస్థుల కూడిక శనివారం సాయంత్రం జరుగుతుంది. పాటలు, ప్రార్థన, వాక్య ధ్యానం అయ్యాక చివరి అరగంట ఏదో ఒక పాత పుస్తకం నుంచి కొన్ని పేజీలు నేను పైకి చదివి వినిపించేవాణ్ణి. టాల్‌స్టాయ్ కథలు నాలుగు పూర్తిచేసి, దొస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లోని ముఖ్య ఘట్టాలు మొదలుపెట్టాము. హత్య చేసిన రస్కోల్నికోవ్‌కు సోనియా యోహాను సువార్త 11వ అధ్యాయం, అంటే చనిపోయిన లాజరు లేచిన సంగతి, చదివి వినిపించే చోటికి వచ్చిన రోజునే సంఘ పెద్దలలో ఒకరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన చెవిన పడినవి మూడే విషయాలు: ఒళ్లమ్ముకునే పిల్ల, హంతకుడు, ఆరిపోబోతున్న కొవ్వొత్తి. మరునాడు ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, “వాక్యం చేతిలో ఉండగా ఈ కట్టుకథలెందుకు మాస్టారూ?” అని నెమ్మదిగానే అడిగారు. ఆ వారంతో చదవడం ఆగిపోయింది.

ఆయన మీద నాకు కోపం లేదు. జవాబు చెప్పలేకపోయానన్నదే నన్ను తొలుస్తోంది. ఈ పుస్తకాలు నిజంగా విశ్వాసానికి బలమిస్తున్నాయా, లేక నాకున్న చదువు పిచ్చికి నేనే భక్తి రంగు పూసుకుంటున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బెరయ_విశ్వాసి
పెద్దాయన అడిగినదానిలో నాకు తప్పేమీ కనబడలేదు. మన సంఘాలలో బైబిలు మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారైనా చదివినవారు ఎందరో చేతులెత్తమంటే తెలుస్తుంది. హబక్కూకు గ్రంథం తీయమంటే విషయసూచికలో వెతుక్కునే కుర్రవాడికి మీరు రష్యా నవల వినిపిస్తున్నారు. వారానికి ఉన్నది ఒక్క అరగంట. ఆకలిగా ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి, ఆవకాయ తరువాత.

కొబ్బరాకు_నీడ
ఆవకాయ లేకుండా అన్నం దిగేవారు మన జిల్లాలో ఎవరున్నారండీ? ఉపమానం మీ పక్షాన పనిచేయలేదు.

పాత_పుస్తకాల_పిచ్చి
బెరయ_విశ్వాసి గారికి వాక్యంలో నుంచే జవాబు చెప్పవచ్చు. అపొస్తలుల కార్యములు 17:28లో పౌలు ఏథెన్సువారితో “మన మాయన సంతానమని మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు” అంటాడు. ఆ మాట అరాటస్ అనే గ్రీకు కవిది. అరాటస్‌ది కూడా పౌలు పుట్టిన కిలికియ ప్రాంతమే. మొదటి కొరింథీయులకు 15:33లోని “దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును” అన్న వాక్యం మెనాండర్ అనే హాస్య నాటకకర్తదని పండితులు చెబుతారు. సండే స్కూలులో మనందరి చేత కంఠస్థం చేయించిన ఆ వాక్యం మొదట ఒక నాటకం డైలాగు అన్నమాట. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్య నేర్చుకున్నారు, కానీ రాజు భోజనం మాత్రం ముట్టలేదు. ఏది చదవాలో, ఏది తినకూడదో వారికి తెలుసు.

మరొక సంగతి. చెరసాలలో ఉండి, చలికాలం రాబోతూ ఉండగా, పౌలు తిమోతిని తెమ్మని అడిగినవి ఒక అంగీ, కొన్ని పుస్తకాలు.

బెరయ_విశ్వాసి
పౌలు అరాటస్‌ను చదివాడు, ఒప్పుకుంటాను. కానీ ఏథెన్సులోని అరేయోపగు సభలో నిలబడి అరాటస్ పద్యాల గోష్ఠి పెట్టలేదు. ఒక్క పాదం ఎత్తుకుని, దానిని మెట్టుగా వాడుకుని, పునరుత్థానం దగ్గరకు వెళ్లిపోయాడు. మీరు మెట్టు మీదే చాప వేసుకుని కూర్చుంటున్నారన్నది నా అభ్యంతరం.

నాకూ పుస్తకాలంటే పడదనుకోవద్దు, ప్రాచీన క్రైస్తవ గురువు అగస్టీను రాసిన ‘ఒప్పుకోళ్లు’ నేను చదివాను. చిన్నప్పుడు వర్జిల్ కావ్యంలో డైడో రాణి ప్రేమ కోసం ప్రాణం తీసుకుంటే తాను ఏడ్చానని, అదే సమయంలో దేవునికి దూరమై చచ్చిపోతున్న తన కోసం మాత్రం కంటతడి పెట్టలేదని ఆయన మొదటి అధ్యాయాలలోనే పశ్చాత్తాపపడతాడు. నేను అడిగేది కూడా అదే. సోనియా కోసం కళ్లు తుడుచుకున్న మీ కుర్రవారిలో ఎవరైనా, వీధి చివర ఒంటరిగా ఉంటున్న ముసలమ్మకు ఒక బిందె నీళ్లు మోసి పెట్టారా?

నరసాపురం_మాస్టారు
ఒక్కరు మోశారు. మిగతావారి సంగతి నేను చెప్పలేను. ప్రశ్న గట్టిగానే తగిలింది.

ఉండి_చెరువు_గట్టు
నాకు పాండిత్యం లేదు, నేను ఇంటర్ తప్పినవాడిని. ఉన్నది చెబుతాను.

మాకు సొంతంగా రెండెకరాలు, లీజుకు తీసుకున్నది ఆరెకరాలు, అన్నీ వనామీ రొయ్యల చెరువులే. మూడేళ్ల క్రితం రెండు పంటలు వరుసగా కలిసి రావడంతో మరో పన్నెండెకరాలు లీజుకు మాట్లాడుకుని, బంగారం కూడా తాకట్టు పెట్టడానికి సిద్ధమయ్యాను. ఆ రోజుల్లో రాత్రి కాపలా నాదే. ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి, గంటకోసారి చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఉందా అని చూడాలి, మధ్యలో చేసే పనేమీ ఉండదు. షెడ్డులో మా మేనమామ వదిలేసిన పాత రష్యా పుస్తకం ఒకటి ఉంది, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం, అట్ట లేదు. అందులో పహోం అనే రైతు కథ చదివాను. పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గుంకేలోపు ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే, ధర వెయ్యి రూబుళ్లు అంటారు. వాడు ఇంకొక్క మూల, ఇంకొక్క పల్లం అనుకుంటూ పోయి, పరుగెత్తి పరుగెత్తి, సూర్యుడు దిగే వేళకు బయలుదేరిన చోటికి వచ్చి పడి చచ్చిపోతాడు. చివరికి వాడికి పట్టిన నేల ఆరడుగులు.

“ఒకడు సర్వలోకము సంపాదించుకొని తన ప్రాణమును పోగొట్టుకొనినయెడల” అన్న వాక్యం నేను వందసార్లు విన్నాను. ప్రతిసారీ అది పక్కవాడికి చెప్పిన మాటలాగానే వినబడింది. పహోం మాత్రం నా చెరువు గట్టు మీదే పరుగెత్తాడు. పన్నెండెకరాలు మానుకున్నాను. ఆ ఏడాది ఆ చెరువులకు వైట్ స్పాట్ తెగులు వచ్చిందని చెబితే కథ అందంగా ముగిసేది. కానీ రాలేదు, తీసుకున్నవాడు బాగానే సంపాదించాడు. అయినా నాకు బాధ లేదు, ఇప్పుడు ఆదివారం మందిరంలో కూర్చుంటే ఫోను వంక చూడడం లేదు.

కొబ్బరాకు_నీడ
వైట్ స్పాట్ రాలేదని రాసినందుకు మీకు నమస్కారం. సాక్ష్యాల కూడికలో అయితే తప్పకుండా వచ్చి ఉండేది.

పాత_పుస్తకాల_పిచ్చి
బెరయ_విశ్వాసి గారూ, మీ బిందె నీళ్ల ప్రశ్నకు చెరువు గట్టు మీద నుంచి జవాబు వచ్చింది కదా.

బెరయ_విశ్వాసి
వచ్చింది, కాదనను. అయితే ఆయనకు ముందే వాక్యం తెలుసు కాబట్టే కథ పనిచేసింది. వాక్యం తెలియనివాడికి అది దురాశ దుఃఖానికి చేటు అన్న సామెతకు ఉదాహరణగా మిగిలిపోతుంది.

నరసాపురం_మాస్టారు
ఈ మాట నేను రాసుకున్నాను. చదివే క్రమం గురించి నేను ఆలోచించనేలేదు.

కోనసీమ_జాషువాభిమాని
అందరూ రష్యా పోతున్నారు, ఇంటి పెరట్లో ఉన్న చెట్టు ఎవరికీ కనబడలేదు. గుర్రం జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. ‘క్రీస్తు చరిత్ర’ 1963లో వచ్చింది, మరుసటి ఏడాది దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఇచ్చారు. మన సంఘాలలో ఎంతమంది ఇళ్లలో ఆ రెండు పుస్తకాలు ఉన్నాయి?

మా నాన్నగారు వ్యవసాయ కూలీ. సార్వా నాట్లకు వంగినప్పుడు కూడా ‘గబ్బిలం’ పద్యాలు రాగం తీసి పాడేవారు. అందులోని అంటరాని నాయకుడు, తాను చెప్పులు కుట్టి కాళ్లకు తొడిగిన దేశంలోనే గుడిలో అడుగు పెట్టకూడదు. అందుకని గుడి లోపల తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని బతిమాలుకుని శివుని చెవిలో తన గోడు చెప్పమంటాడు. హంసలూ మేఘాలూ గొప్పవారి ప్రేమ సందేశాలు మోసే కావ్యాలు చదివిన పండితులకు ఆ రాయబారి ఎంపికే చెంపదెబ్బ. మాస్టారు చదివిన టాల్‌స్టాయ్ కథలలో మార్టిన్ అనే చెప్పులు కుట్టేవాడు ఉండే ఉంటాడు. నేలమాళిగ కిటికీలో నుంచి దారిన పోయేవారి కాళ్లు మాత్రమే చూస్తూ, బూట్లను బట్టి మనుషులను గుర్తుపడతాడు. క్రీస్తు వస్తాడని రోజంతా ఎదురుచూసి, ముసలివాడికి టీ ఇచ్చి, చంటిబిడ్డ తల్లికి కోటు ఇచ్చి, ఆ వచ్చినవారిలో వచ్చింది క్రీస్తేనని చివరికి మత్తయి 25వ అధ్యాయం దగ్గర తెలుసుకుంటాడు. ఈ ఇద్దరు చెప్పులు కుట్టేవారిని పక్కపక్కన పెట్టి చదవండి. మార్టిన్ దగ్గరకు క్రీస్తు వచ్చాడు. గబ్బిలాన్ని పంపినవాడి దగ్గరకు ఎవరు వెళ్లారు?

మా ఊళ్లో ఒకే శాఖకు రెండు మందిరాలు ఉన్నాయి, మధ్యలో ఒక పంట కాలువ ఉంది. ఎందుకు రెండో ఇక్కడ అందరికీ తెలుసు. జాషువాను ఆ రెండు మందిరాలలోనూ ఒకే రోజు చదివితే ఏమవుతుందో చూడాలని నాకు చాలా కాలంగా కోరిక.

బెరయ_విశ్వాసి
మీ చివరి పేరాకు నా దగ్గర అభ్యంతరం లేదు. సిగ్గు మాత్రం ఉంది.

గౌతమి_గట్టు
ఇదే సందర్భంలో పోతన గారి సంగతి కూడా అడగాలనుకుంటున్నాను. నేను మూడో తరం క్రైస్తవుణ్ణి, తెలుగు ఎం.ఏ. చదివాను. ‘గజేంద్ర మోక్షం’లో “లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె” అన్న పద్యం నాకు ఆసుపత్రి మంచం మీద గుర్తుకు వచ్చింది. దావీదు కీర్తన కంటే ముందు అదే వచ్చిందని చెప్పడానికి ఇన్నాళ్లూ భయపడ్డాను. బలమంతా అయిపోయాక మనిషి పిలిచే పిలుపు అది. నేను పిలిచింది నా ప్రభువునే, మాటలు మాత్రం పోతనవి. ఇది తప్పా?

బెరయ_విశ్వాసి
తప్పనను, క్షేమమనీ అనను. ఆ పద్యం ఎవరిని ఉద్దేశించి రాసినదో పోతనకు స్పష్టంగా తెలుసు. దానిని మన అవసరానికి అనువుగా మార్చుకోవడం ఆయనకూ న్యాయం కాదు.

గౌతమి_గట్టు
ఈ రెండో మాట నేను ఊహించనిది. పోతన పక్షాన మీరు మాట్లాడుతున్నారు!

ధవళేశ్వరం_లాకులు
మన ఊళ్ల ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ మా ధవళేశ్వరంలోనే, గోదావరి ఒడ్డునే మొదలవుతుంది. దానికి స్ఫూర్తి గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. అసలు కథలోని నాయకుడు ఒక పాస్టరుగారు. ఆస్తి పోతుంది, ఇల్లు కాలిపోతుంది, అప్పుకు జైలులో పడతాడు, అక్కడ తోటి ఖైదీలు ఎగతాళి చేస్తూ ఉండగానే వారికి వాక్యం చెబుతాడు. యోబు గ్రంథం ఇంగ్లండు పల్లెలో నడిచినట్టుగా ఉంటుంది. మన మొదటి నవలలలో ఒకదాని వెనక ఒక పాస్టరు గారి కష్టాలు ఉన్నాయన్న సంగతి మా సంఘంలో చెబితే ఎవరూ నమ్మలేదు.

కొబ్బరాకు_నీడ
ఆ పాస్టరుగారి కొడుకు గుర్రాన్ని అమ్మబోయి పచ్చకళ్లద్దాలు నమ్మి మోసపోతాడు కదా. మా అయ్యగారు పాత కారు అమ్మిన విధం గుర్తొచ్చింది. ఇంతకంటే వివరాలు చెప్పను.

నిద్రపట్టని_నర్సు
రెండు రోజులుగా ఇదంతా చదువుతూ, రాయాలా వద్దా అని ఆగాను.

మా బాబు పద్నాలుగు నెలలకు మెదడు జ్వరంతో పోయాడు. సంఘంవారు వచ్చారు, ప్రేమతోనే వచ్చారు, పదకొండు రోజులు మా పొయ్యి వెలిగించనివ్వలేదు. కానీ వచ్చిన ప్రతి ఒక్కరూ రెండు మాటలు చెప్పారు. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను. బాబు దేవదూతల మధ్య ఉన్నాడు, ఏడవకూడదు. నేను ఏడుపు ఆపుకున్నాను. ఆపుకుని ఎనిమిది నెలలు డ్యూటీకి వెళ్లాను. ప్రార్థనలో నోరు తెరిస్తే మాట వచ్చేది కాదు, ఇంజక్షను ఇవ్వబోతే చేతులు వణికేవి.

నైట్ డ్యూటీలో ఒక డాక్టరమ్మ గారు దొస్తొయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ ఇంగ్లిషు పుస్తకం ఇచ్చి, మొదటి నుంచి చదవవద్దని, రెండో భాగంలోని ఒక అధ్యాయం మాత్రం చదవమని చెప్పారు. నర్సింగు కోర్సు నాటి ఇంగ్లిషుతో, పక్కన ఫోనులో నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక పల్లెటూరి స్త్రీ చాలా దూరం నడిచి జోసిమా అనే వృద్ధ సన్యాసి దగ్గరకు వస్తుంది. ఆమె బిడ్డకు మూడేళ్లు నిండడానికి మూడు నెలలు తక్కువ. వాడి చిన్న చొక్కాలు, చిన్న బూట్లు ముందు పరుచుకుని చూసి ఏడుస్తానని చెబుతుంది. సన్యాసి మొదట మా సంఘంవారు చెప్పినదే చెబుతాడు: బిడ్డ దేవదూతలతో ఉన్నాడు, సంతోషించు. ఆమె తల వంచుకుని, మా ఆయన కూడా సరిగ్గా ఇదే చెబుతాడు అంటుంది. అప్పుడు ఆ ముసలాయన మాట మారుస్తాడు. ఇది రాహేలు ఏడుపమ్మా, పిల్లలు లేనందున ఓదార్పు పొందనొల్లని రాహేలు; నీవు ఓదార్పు పొందవద్దు, ఏడువు అంటాడు. తరువాత బిడ్డ పేరు అడిగి ప్రార్థనలో తలుచుకుంటానని చెబుతాడు.

మాకూ ఒక సంచి ఉంది. అందులో పసుపు రంగు స్వెట్టరు, మొలతాడు, ఒక కాలి సాక్సు ఉన్నాయి. ఆ తెల్లవారుజామున ఇంటికి వెళ్లి, బీరువాలో నుంచి సంచి తీసి, నేల మీద కూర్చుని ఏడ్చాను. మా అత్తగారు పరుగెత్తుకు వచ్చి ఆపబోయి, తానే పక్కన కూర్చుని ఏడ్చారు. మత్తయి 2వ అధ్యాయంలో ఆ వాక్యం ఎప్పుడూ ఉంది. క్రిస్మస్‌కు చదివేటప్పుడు జ్ఞానుల దగ్గర ఆగిపోతాము కాబట్టి నాకు కనబడలేదు. రాసినాయన కూడా మూడేళ్లు నిండని తన కొడుకును పోగొట్టుకుని ఆ పుస్తకం రాశాడని తరువాత తెలిసింది.

ఇప్పుడు వార్డులో బిడ్డ పోయిన తల్లి దగ్గర నేను ఏ వాక్యమూ చెప్పను. బిడ్డ పేరు అడుగుతాను.

ఉండి_చెరువు_గట్టు
చదివాను అమ్మా.

లేసు_అల్లే_చెయ్యి
నర్సు అక్కా, మీ మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. బాబు పేరు అడగమంది, ప్రార్థనలో చెప్పుకుంటుందట. ఇక్కడ రాయవద్దు, నాకు విడిగా సందేశం పెట్టండి.

నిద్రపట్టని_నర్సు
పెట్టానమ్మా.

బెరయ_విశ్వాసి
నేను ఇరవై ఏళ్లుగా మరణించినవారి ఇళ్లకు వెళ్లి వాక్యం చెబుతున్నాను. పిల్లలు పోయిన ఇళ్లలో నేను చెప్పినది కూడా ఆ రెండు మాటలే. వాదన సంగతి తరువాత చూద్దాం. సోదరీ, ఆ అధ్యాయం ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పండి.

నిద్రపట్టని_నర్సు
రెండో భాగం, ఇంగ్లిషులో Book II అని ఉంటుంది, అందులో మూడో అధ్యాయం అండీ. చాలా చిన్నది. డాక్టరమ్మ గారు ఆ ఒక్క అధ్యాయం జిరాక్సు తీసుకోనిచ్చారు.

పాత_పుస్తకాల_పిచ్చి
ఆ నవల మొదటి పేజీలోనే యోహాను 12:24 ఉంటుంది. గోధుమగింజ భూమిలో పడి చావకుంటే ఒంటిగానే ఉంటుందన్న వాక్యం. మనకు గోధుమ తెలియదు కానీ నారుమడిలో మొలకెత్తిన వడ్లను బురదలో చల్లి, మరునాడు వాన పడితే ప్రాణం బిగబట్టుకుని చూసిన ఎవరికైనా ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. దొస్తొయెవ్‌స్కీ సైబీరియా జైలుకు పోయే దారిలో ఎవరో స్త్రీలు కొత్త నిబంధన చేతిలో పెట్టారు. నాలుగేళ్లు దానిని తలగడ కింద పెట్టుకున్నాడు. కాబట్టి బెరయ_విశ్వాసి గారు చెప్పిన క్రమం ఆయన విషయంలో కూడా నిజమే, వాక్యమే ముందు వచ్చింది.

కొత్తగా_చేరినవాడు
ఈ లావు పుస్తకాలు మా వయసువాళ్లం చదవలేము. యూట్యూబులో పది నిమిషాల సారాంశం వింటే సరిపోదా?

ధవళేశ్వరం_లాకులు
పెళ్లి భోజనం గురించి ఎవరో చెబితే వినడం కూడా ఒక పద్ధతే.

పాత_పుస్తకాల_పిచ్చి
అంత కటువుగా చెప్పనక్కరలేదు. కొత్తగా_చేరినవాడా, లావు పుస్తకాలతో మొదలుపెట్టమని ఎవరూ అనలేదు. మార్టిన్ కథ ఇరవై నిమిషాలు పడుతుంది. సారాంశంలో పహోం ఎలా చచ్చాడో తెలుస్తుంది, కానీ ఉండి_చెరువు_గట్టు గారికి జరిగినది జరగదు. వాడితోపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడవడంలోనే అసలు పని జరుగుతుంది. క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ ఒక కొత్త పుస్తకం చదివాక మధ్యలో ఒక పాతది చదవనిదే మరో కొత్తది ముట్టవద్దని, అది మరీ కష్టమనిపిస్తే మూడు కొత్తవాటికి ఒక పాతదైనా చదవమని సలహా ఇచ్చాడు. ప్రతి కాలానికీ దాని గుడ్డితనం దానికి ఉంటుందని, పాతవారి తప్పులు మనకు కనబడతాయి కాబట్టి ప్రమాదం తక్కువని ఆయన వాదన.

లేసు_అల్లే_చెయ్యి
చదవలేమన్నవారికి మా ఇంటి సంగతి. మధ్యాహ్నం మా అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు లేసు అల్లడానికి కూర్చుంటారు. చేతులు సూది మీద, కళ్లు దారం మీద ఉంటాయి, చెవులు ఖాళీ. టీవీ పెట్టడానికి వీల్లేదు, కళ్లు అటు పోతే కుట్టు తప్పుతుంది. అందుకని నేను బన్యన్ రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ పైకి చదువుతున్నాను. మా తాతమ్మ పుస్తకం, 1996 నవంబరు తుపానులో తడిసి ఉబ్బిపోయింది, ప్రతి పేజీకి గోధుమ రంగు మరక ఉంది. రాసినాయన గిన్నెలకు మాట్లు వేసుకుని బతికినవాడని, జైలులో పన్నెండేళ్లు ఉన్నాడని చెబితే అందరికీ మనవాడే అనిపించాడు.

నిరాశ ఊబి దగ్గర, ఇరవై వేల బండ్ల మంచి ఉపదేశం తెచ్చి పోసినా ఆ ఊబి పూడలేదని ఉంటుంది. మా పిన్ని సూది ఆపి, “మన పుంత రోడ్డు కూడా అంతేనే, పంచాయతీవాళ్లు పోస్తూనే ఉంటారు” అంది. నవ్వులు ఆగాక, ఎవరూ అడగకుండానే, తమ్ముడు తాగుడు మానతాడని తాను పదేళ్లుగా ఎంత ఉపదేశం పోసిందో చెప్పింది. ఆ రోజు మరి రెండు పేజీలే సాగాయి.

నరసాపురం_మాస్టారు
మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతానికి సువార్త మోసుకుని 1836లో ఓడెక్కిన బౌడెన్, బీర్ దొరల దగ్గర కూడా బన్యన్ పుస్తకం ఉండే ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే.

మొన్న ఆదివారం పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఇక్కడి వాదనలేవీ చెప్పలేదు. నర్సు సోదరి అనుమతితో ఆమె మాటలు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మూడు షరతులు పెట్టారు: యోహాను 11 ముందు బైబిలులోనే పూర్తిగా చదవాలి, నవల తరువాత చదవాలి, తాను వెనక బెంచీలో కూర్చుంటారు. బెరయ_విశ్వాసి గారు చెప్పిన క్రమమే ఇది, ఇద్దరూ మాట్లాడుకున్నారేమోనని అనుమానం వచ్చింది.

బెరయ_విశ్వాసి
మాట్లాడుకోలేదు. ఆయన షరతులు న్యాయంగా ఉన్నాయి. నాలుగోది నేను కలుపుతాను, ఆ ముసలమ్మకు బిందె నీళ్లు.

కోనసీమ_జాషువాభిమాని
మాస్టారూ, తరువాతి పుస్తకం జాషువాదేనని మాట ఇవ్వండి. మా కాలువకు ఇవతలి మందిరం నుంచి నలుగురిని తీసుకువస్తాను. అవతలి నుంచి ఒకరు వస్తామన్నారు.

నరసాపురం_మాస్టారు
మాట ఇచ్చాను. పద్యాలు మీరే పాడాలి.

లేసు_అల్లే_చెయ్యి
నిన్న మేము సందేహ దుర్గం దగ్గర ఆపాము. ఇద్దరు యాత్రికులనూ నిరాశ రాక్షసుడు చీకటి కొట్లో పడేసి కొడుతున్నాడు. అమ్మ రాత్రంతా వాళ్లు ఎలా బయటపడతారని అడుగుతూనే ఉంది. తరువాత ఏమవుతుందో ఇక్కడ ఎవరూ రాయవద్దు, నేను కూడా ముందు చదవలేదు.

కొబ్బరాకు_నీడ
తాళపుచెవి మొదటి నుంచీ జేబులోనే

లేసు_అల్లే_చెయ్యి
అయ్యో! వద్దన్నాను కదండీ. సరే, అమ్మకు మాత్రం చెప్పను.